ఖరీదైన స్మార్ట్‌ఫోన్ల గిరాకీ మందగించడానికి పోటీయే కారణమా? (నిదానం, తూకం, లెక్కల పుస్తకం, మరమ్మతు బల్ల అన్న మారుపేర్లతో నలుగురి చర్చ)

నిదానం:

ఖరీదైన ఫోన్ల అమ్మకాలు మందగించాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ వినిపించే వివరణ ఒకటే. తక్కువ ధరకు మంచి ఫోన్లు ఇచ్చే కంపెనీలు పెరిగాయి కాబట్టి కొనేవారు అటు మళ్లారని అంటారు. ఇందులో నిజం లేదని నేను అనను గానీ, ఇది సగం నిజమేనని నా అభిప్రాయం. కొత్తగా వచ్చిన ఖరీదైన ఫోనుకు అసలు పోటీ మరో కంపెనీ చవక ఫోనుతో కాదు, కొనవలసిన మనిషి జేబులో ఇప్పటికే ఉన్న, మూడేళ్ల కిందట కొన్న ఖరీదైన ఫోనుతోనే.

ఇందుకు నాకు కనిపించే గట్టి ఆధారం యాపిల్ సీఈఓ టిమ్ కుక్ 2019 జనవరి 2న మదుపరులకు రాసిన లేఖ. అప్పటి త్రైమాసికంలో 89 నుంచి 93 బిలియన్ డాలర్ల ఆదాయం వస్తుందని చెప్పిన కంపెనీ, ఆ లేఖతో అంచనాను 84 బిలియన్లకు దించుకుంది. చైనాలో మందగమనమే ప్రధాన కారణమని చెప్పినా, మరికొన్ని దేశాల్లోనూ పాత ఐఫోన్ వదిలి కొత్తది తీసుకునేవారు అనుకున్నంత మంది లేరని ఆయన ఒప్పుకున్నారు. టెలికం కంపెనీల రాయితీలు తగ్గడం, డాలరు బలపడి ఇతర దేశాల్లో ధరలు పెరగడంతో పాటు, బ్యాటరీ మార్పిడి ఛార్జీ బాగా తగ్గించడాన్ని కొందరు వినియోగించుకోవడం కూడా కారణమని రాశారు. బ్యాటరీ పాతబడిన ఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గిస్తున్నట్లు 2017 డిసెంబరులో బయటపడిన తరువాత, యాపిల్ క్షమాపణ చెప్పి, వారంటీ లేని ఫోన్లకు బ్యాటరీ మార్పిడి ఛార్జీని 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. ఆ ఏడాది ఎందరో 29 డాలర్లు పెట్టి బ్యాటరీ మార్పించుకున్నారు, వారిలో కొందరికి వెయ్యి డాలర్ల ఫోను అవసరం లేకుండా పోయింది. దీన్ని పోటీ కంపెనీల ఖాతాలో ఎలా వేయగలం?

మరొక్క లెక్క చెప్పి ముగిస్తాను. యాపిల్ 2015 ఆర్థిక సంవత్సరంలో 23 కోట్లకు పైగా ఐఫోన్లు అమ్మింది. 2018లో ఆ సంఖ్య 22 కోట్ల లోపే ఉంది, అయినా ఐఫోన్ల ఆదాయం మాత్రం 155 బిలియన్ డాలర్ల నుంచి పెరిగి 160 బిలియన్లు దాటింది. 2017లో ఐఫోన్ ఎక్స్ 999 డాలర్లకు రావడం ఆ తేడాకు ఒక ముఖ్య కారణం. ఆ తరువాత 2018 సెప్టెంబరులో వచ్చిన ఎక్స్‌ఎస్ మ్యాక్స్ 1,099 డాలర్ల దగ్గర మొదలై 1,449 వరకు వెళ్లింది. అంటే సంఖ్యలో వచ్చిన స్తబ్ధతను ధర కప్పిపెట్టింది. ఇకపై ఎన్ని ఫోన్లు అమ్మామో చెప్పబోమని 2018 నవంబరులో కంపెనీ ప్రకటించడం కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోవలసిన విషయమే.

తూకం:

నిదానం గారూ, మీరు ఒకే కంపెనీ కథను తీసుకుని మార్కెట్ మొత్తానికి అన్వయిస్తున్నారని నాకు అనిపిస్తోంది. యాపిల్‌కు సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దాని వినియోగదారుడు బయటికి వెళ్లాలంటే ఫొటోలు, సందేశాలు తరలించుకునే శ్రమ పడాలి, కొనుక్కున్న యాప్‌లు, వాచీ వదులుకోవాలి. కాబట్టి ఆ కంపెనీ ఫోనుకు దాని పాత ఫోనే పోటీ కావడంలో ఆశ్చర్యం లేదు. ఆండ్రాయిడ్ వైపు చూడండి, అక్కడ కథ పూర్తిగా వేరు.

2014 మూడో త్రైమాసికంలో శామ్‌సంగ్ ఎలక్ట్రానిక్స్ నిర్వహణ లాభం అంతకు ముందు ఏడాది ఇదే కాలంతో పోలిస్తే సుమారు 60 శాతం పడిపోయింది. మొబైల్ విభాగం దెబ్బ అంతకంటే పెద్దది. పైనుంచి పెద్ద తెరలతో ఐఫోన్ 6 వచ్చింది, కింది నుంచి చైనా కంపెనీలు వచ్చాయి. అదే ఏడాది వచ్చిన వన్‌ప్లస్ వన్‌ను తలచుకోండి. శామ్‌సంగ్ ఖరీదైన ఫోను గెలాక్సీ ఎస్5లో ఉన్న క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 801 చిప్పే అందులోనూ ఉంది, దాని ధర మాత్రం 299 డాలర్లు, అంటే ఎస్5 ధరలో సగం కూడా లేదు. షావోమీ 2011లో తన మొదటి ఫోనును 1,999 యువాన్లకు తెచ్చినప్పుడే ఈ దారి పడింది.

ఇలా ఎందుకు జరిగిందో చూస్తే పోటీ ఎంత లోతైనదో తెలుస్తుంది. చిప్పు క్వాల్‌కామ్ నుంచో మీడియాటెక్ నుంచో వస్తుంది, కెమెరా సెన్సర్ సోనీ అమ్ముతుంది, ఓఎల్‌ఈడీ తెరలను శామ్‌సంగ్ డిస్‌ప్లే విభాగమే తన సోదర విభాగంతో పోటీపడే కంపెనీలకు సరఫరా చేస్తుంది, ఆండ్రాయిడ్ ఎవరికైనా అందుతుంది. విడిభాగాలన్నీ అంగడిలో దొరికేవే అయినప్పుడు, ఒక ఏడాది అత్యంత ఖరీదైన ఫోనుకు మాత్రమే ఉన్న విశేషం ఏడాదో రెండేళ్లో తిరిగేసరికి సగం ధర ఫోనులో కనిపించక తప్పదు. కొనేవాడికి ఇది తెలుసు. అందుకే ఆగుతాడు. మీరు పాత ఫోను మన్నిక అంటున్న దానిలో చాలా భాగం, రేపు ఇదే చవకగా వస్తుందన్న నమ్మకమే.

పాత ఫోనొక్కటే శత్రువైతే కంపెనీలన్నీ సమానంగా నష్టపోవాలి కదా? అలా జరగలేదు. హెచ్‌టీసీ 2017లో తన ఇంజనీర్లలో పెద్ద భాగాన్ని 1.1 బిలియన్ డాలర్లకు గూగుల్‌కు అప్పగించింది. ఎల్‌జీ ఏళ్ల తరబడి నష్టాలు భరించి 2021 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. రెండూ మంచి ఫోన్లు చేసిన కంపెనీలే.

లెక్కల పుస్తకం:

ఇద్దరూ ప్రశ్నలోని మొదటి సగాన్ని పరీక్షించకుండానే రెండో సగం మీద వాదిస్తున్నారు. ఖరీదైన ఫోన్ల గిరాకీ తగ్గిందని ఎవరు తేల్చారు? తగ్గింది మొత్తం మార్కెట్. మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కల ప్రకారం 2016లో ప్రపంచమంతటా సుమారు 147 కోట్ల స్మార్ట్‌ఫోన్లు సరఫరా అయ్యాయి, 2023 నాటికి అవి 117 కోట్లకు తగ్గాయి. పదేళ్లలో అదే అతి తక్కువ సంఖ్య. అయితే అదే 2023లో, ప్రధానంగా ఖరీదైన ఫోన్లే అమ్మే యాపిల్ 23 కోట్లకు పైగా ఫోన్లతో శామ్‌సంగ్‌ను దాటి, వార్షిక అమ్మకాల్లో మొదటిసారి ప్రథమ స్థానానికి చేరింది. 600 డాలర్లకు పైబడిన ఫోన్ల వాటా ఇటీవలి ఏళ్లలో పెరుగుతూ వచ్చి మొత్తం అమ్మకాల్లో దాదాపు నాలుగో వంతు అయిందని కౌంటర్‌పాయింట్ అనే మరో పరిశోధన సంస్థ చెబుతోంది.

నా దృష్టిలో దెబ్బ తిన్నది పైమెట్టు కాదు, నడిమెట్టు. నాలుగైదేళ్లు వాడతానని తెలిసిన మనిషి, ఏడాదికి పడే ఖర్చు లెక్కవేసుకుని, ఒక మెట్టు పైనున్న ఫోనే తీసుకుంటున్నాడు.

మరమ్మతు బల్ల:

నేను పన్నెండేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను, కాబట్టి లెక్కల కంటే నా బల్ల మీదికి వచ్చిన వాటి గురించి చెప్పడమే నాకు తగిన పని. ఒకప్పుడు రెండేళ్లు దాటిన ఫోను బాగుచేయించుకోవడానికి తెచ్చేవారు తక్కువ, తెచ్చినా ఖర్చు వినగానే కొత్తది కొంటామని వెళ్లిపోయేవారు. ఇప్పుడు నాలుగేళ్ల ఫోను తెచ్చి, బ్యాటరీ మార్చండి, ఛార్జింగ్ పోర్టు శుభ్రం చేయండి, ఇంకో రెండేళ్లు నడిస్తే చాలు అంటున్నారు. ఆ ఫోన్లలో ఎక్కువ భాగం ఖరీదైనవే. చవక ఫోనులో మదర్‌బోర్డు బాగానే ఉన్నా, అప్‌డేట్లు ఆగిపోయి, మెమరీ చాలక మూలన పడుతుంది. ఖరీదైన ఫోనులో చిప్పుకు ఇంకా బలం మిగిలి ఉంటుంది, అరిగేది బ్యాటరీ ఒక్కటే.

ఆ బ్యాటరీ కూడా మెరుగుపడుతోంది. ఇదివరకు 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక మొదటి సామర్థ్యంలో 80 శాతం మిగలడమే ప్రమాణంగా ఉండేది, ఐఫోన్ 15 నుంచి యాపిల్ 1,000 సార్లు అని చెబుతోంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నియమాల ప్రకారం, బ్యాటరీ 800 సార్ల తరువాత కూడా 80 శాతం నిలుపుకోవాలి, ఒక మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఏడేళ్లు విడిభాగాలు, కనీసం అయిదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలి. ఇలాంటి నియమాలు రావాలని మా వృత్తిలో ఉన్నవాళ్లం ఎంతకాలంగా కోరుకున్నామో చెప్పలేను.

కానీ ఒక బాధ కూడా ఉంది. ఖరీదైన ఫోను తెర పగిలితే, అసలైన తెర ధర ఒక మామూలు కొత్త ఫోను ధరకు దగ్గరగా ఉంటుంది. కొన్ని ఫోన్లలో తెరను మదర్‌బోర్డుతో సాఫ్ట్‌వేర్ ద్వారా ముడివేయడం వల్ల, అదే మోడల్ నుంచి తీసిన మంచి తెర పెట్టినా కొన్ని సౌకర్యాలు పనిచేయవు. చక్కగా నడిచే ఫోనును వదిలేయమని ఒక మనిషికి చెప్పవలసి రావడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అలా వదిలేసినవారిలో అందరూ మళ్లీ అదే తరగతి ఫోను కొనరు, చాలామంది ఒక మెట్టు దిగుతారు. తూకం గారు చెప్పిన పోటీ పనిచేసే క్షణం అదేనని నా అనుభవం. ఫోను నడుస్తున్నంత కాలం చవక ఫోను ఎవరినీ లాగలేదు, ఆగిపోయిన రోజున మాత్రం లాగుతుంది.

నిదానం:

మరమ్మతు బల్ల గారి ఆఖరి మాట నా వాదనను సరిదిద్దింది, అందుకు కృతజ్ఞుణ్ని. ఎప్పుడు కొనాలన్నది పాత ఫోను నిర్ణయిస్తుంది, ఏది కొనాలన్నది పోటీ నిర్ణయిస్తుంది అని ఇప్పుడు సవరించుకుంటాను. హెచ్‌టీసీ, ఎల్‌జీల పతనం రెండో దానికి చెందినది, కాబట్టి తూకం గారి ప్రశ్నకు నా దగ్గర అంతకు మించిన సమాధానం లేదు.

లెక్కల పుస్తకం గారికి మాత్రం ఒక అభ్యంతరం. ఖరీదైన ఫోన్ల వాటా పెరగడం, వాటి గిరాకీ పెరగడం ఒకటి కావు. మొత్తం 147 కోట్ల నుంచి 117 కోట్లకు కుంగినప్పుడు, ఏమీ పెరగని ముక్క కూడా వాటాలో పెద్దదిగా కనిపిస్తుంది. మీరు చూపిన యాపిల్ సంఖ్యనే తీసుకోండి. 2015లో 23 కోట్లు, 2023లోనూ 23 కోట్లు. ఎనిమిదేళ్లలో కంపెనీ ఎక్కిన మెట్టు ఏది? పక్కవారు దిగడం వల్ల మొదటి స్థానం దక్కింది.

ధర కనబడటం గురించి కూడా చెప్పాలి. అమెరికాలో చాలాకాలం ఖరీదైన ఫోను రెండేళ్ల ఒప్పందంతో 199 డాలర్లకు చేతికి వచ్చేది, మిగిలిన ధర నెలవారీ బిల్లులో కలిసిపోయేది. అక్కడి టెలికం కంపెనీల్లో 2013లో టీ-మొబైల్, 2015లో వెరైజన్, 2016 ఆరంభంలో ఏటీ అండ్ టీ ఆ పద్ధతికి స్వస్తి పలికాయి. ఫోను అసలు ధర బిల్లులో విడిగా కనబడటం మొదలయ్యాక, వాయిదాలు తీరిన నెలలో బిల్లు తగ్గడం ఎంత హాయిగా ఉంటుందో జనం తెలుసుకున్నారు. ఆ హాయిని వదులుకోవడానికి కొత్త కెమెరా ఒక్కటే చాలదు.

లెక్కల పుస్తకం:

సంఖ్యల విషయంలో మీ అభ్యంతరం సరైనదే. నేను గిరాకీ అన్నప్పుడు డబ్బు లెక్కలో చూశాను, మీరు ఫోన్ల లెక్కలో చూస్తున్నారు. అయితే, 2015లో అమ్మిన 23 కోట్లకూ 2023లో అమ్మిన 23 కోట్లకూ మధ్య సగటు ధర ఎంతో పెరిగింది. అంత ధర పెట్టడానికి జనం సిద్ధపడటాన్ని మందగమనం అనడానికి ఇప్పటికీ నాకు మనసొప్పడం లేదు.

తూకం:

నిదానం గారు చేసిన విభజనతో నేను చాలావరకు ఏకీభవిస్తున్నాను, కానీ పోటీ "ఎప్పుడు" అన్న దానిలో కూడా వేలు పెడుతుంది. 2018లో ఐఫోన్ ఎక్స్‌ఆర్ ధర 749 డాలర్లు ఉంటే, 2019లో దాని స్థానంలో వచ్చిన ఐఫోన్ 11 ధర 699. ధరలు పెంచుకుంటూ పోతున్న కంపెనీ ఒక మెట్టు దిగింది. అది పాత ఫోను పట్టుకుని కూర్చున్నవారిని కదిలించడానికే కావచ్చు, కానీ పక్కన సగం ధరకు దాదాపు అలాంటి ఫోన్లే లేకపోతే దిగవలసిన అవసరం వచ్చేదా? 2023 ఆగస్టులో హువావే, అమెరికా ఆంక్షల మధ్య, మేట్ 60 ప్రోను సొంత కిరిన్ చిప్పుతో తెచ్చినప్పుడు చైనాలో ఏం జరిగిందో కూడా చూడండి. అది చవక ఫోను కాదు. ఐఫోన్ కొనే స్తోమత ఉన్నవారిలో కొందరు మరో ఖరీదైన ఫోనుకు మళ్లారు, 2024లో యాపిల్ అక్కడ వెనకబడింది.

మరమ్మతు బల్ల గారు అప్‌డేట్ల ప్రస్తావన తెచ్చారు కాబట్టి అక్కడే ఒక మాట. గూగుల్ 2023 అక్టోబరులో పిక్సెల్ 8కు, శామ్‌సంగ్ 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాట ఇచ్చాయి. ఒకరు ఇచ్చాక మరొకరికి తప్పలేదు. దాన్ని తెచ్చింది పోటీయే. ఈ వాగ్దానం నేటి ఫోనును అమ్మి పెడుతుంది, రేపటి ఫోను అమ్మకాన్ని వాయిదా వేస్తుంది. నిదానం గారు చెప్పే మన్నికను కూడా పోటీయే పెంచుతున్నప్పుడు, రెండింటినీ వేరుచేయడం నాకు సాధ్యం కావడం లేదు.

మరమ్మతు బల్ల:

పిక్సెల్ 8కు 2030 అక్టోబరు వరకు అప్‌డేట్లు రావాలి. ఆ ఫోన్లు నా దగ్గరికి ఇప్పటికే తెరలు పగిలి వస్తున్నాయి, బ్యాటరీ కోసం రావడం ఇంకా పెద్దగా మొదలు కాలేదు. మొదలైనప్పుడు, వాటి యజమానుల్లో ఎంతమంది బ్యాటరీ మార్పించుకుని వెళ్తారో, ఎంతమంది ఇక చాలంటారో, చాలన్నవారు తరువాత ఏ ఫోను తెచ్చుకుంటారో రాసిపెట్టి ఇక్కడ చెబుతాను. అంతవరకు మీ ఇద్దరిలో ఎవరి పక్షమూ తీసుకోలేను.