చవితి పందిరికి కిట్ గిటారు: ముసురులో లక్కర్ కొట్టొచ్చా?

అంబాజీపేట కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. స్ట్రాట్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్ కిట్ (విడిభాగాలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి) ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించానండి, చౌకరకమే. బాడీ బాస్‌వుడ్ చెక్క అని రాశారు, నెక్ (పొడుగు కాడ) మేపుల్ చెక్క. పికప్‌లు (తీగల మోత పట్టే కాయిల్స్), స్విచ్, నాబ్‌లు అన్నీ ముందుండే పలక పిక్‌గార్డుకి బిగించే వచ్చాయి, నాలుగు వైర్లు అతికిస్తే చాలట. మా వీధి చవితి పందిట్లో వాయించాలని ఆశ. ఎర్ర రంగు వేయించి, పైన మెరిసేలా లక్కర్ కొట్టిద్దామని కార్లకి పెయింటు వేసే ఆయన దగ్గరికెళ్తే "ఈ ముసురులో వద్దు, తెల్లగా కమ్మేస్తుంది" అన్నాడు. నిజమేనా అండి, పని తప్పించుకోడానికి చెప్పాడా? రంగు లేకుండా బిగించేస్తే చెక్క పాడైపోతుందా?

భీమవరం బేసు:
కిట్టుకి పెట్టిన డబ్బుకి ఇంకాస్త వేస్తే వాడిన గిటారు, మంచిదే దొరికేది కదా తమ్ముడూ. ఇప్పుడు దాన్ని సెటప్ చేయించడానికి హైదరాబాదు మోసుకెళ్ళాలి.

నరసాపురం వడ్రంగం:
హైదరాబాదు ఎందుకండీ, ఇంట్లో అయ్యే పనే. మా చుట్టుపక్కల చర్చిల గిటార్లు రిపేరుకి నా దగ్గరికే వస్తాయి.

బాబూ, పెయింటర్ చెప్పింది నిజమే. ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ లక్కర్‌లో థిన్నర్ చప్పున ఆవిరైపోతుంది. అలా పోయేటప్పుడు పైపొర చల్లబడి, గాలిలో చెమ్మంతా దాని మీద చేరుతుంది. ఆ తెలుపు అదే. శ్రావణ భాద్రపదాల్లో మన గోదారి గాలి సంగతి చెప్పాలా, డబ్బాలో ఉప్పు నీరు కారుతోంది! ఆశ్వయుజం, కార్తీకం తుఫాన్ల రోజులు, వాటినీ నమ్మలేం. మెరిసే ఎరుపే కావాలంటే పుష్యమాసం దాకా ఆగు.

ఈలోగా బాడీ మీద నీటిచుక్క వేసి చూడు. ఇంకిపోతే పూతలేని చెక్క. గుండ్రంగా నిలబడితే ఫ్యాక్టరీలోనే సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) కొట్టేశారన్నమాట, దాని మీద స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేస్తే మచ్చలు మచ్చలుగా వస్తుంది, చెక్క కనపడని రంగే గతి. అంతదాకా ఉత్త బాడీకి చెమట మరకలు పడితే పడతాయి, సాండ్ పేపర్‌తో పోతాయి. దిగులు పడాల్సింది నెక్ గురించి. పూతలేని మేపుల్ చెమ్మ తాగితే కదులుతుంది, దాంతో తీగల ఎత్తు మారిపోతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం చూసి నెక్ వెనకా, తలకీ సీలర్ గుడ్డతో పల్చగా రుద్ది, ఆరాక 400 నంబరు పేపరు పట్టి ఇంకో పూత వెయ్యి. వేళ్ళు నొక్కే పలక రోజ్‌వుడ్ అయితే టేపు వేసుకో, దానికి తగలకూడదు.

బ్రిడ్జి (బాడీ మీద తీగల చివర్లు పట్టే భాగం) స్క్రూలు దించకముందే నెక్‌ని పాకెట్‌లో (బాడీలో అది కూర్చునే గుంతలో) క్లాంపు చేసి, రెండు చివరి తీగల దారిలో దారాలు లాగు. లేసు దారమైతే సన్నంగా ఉండి తేడా ఇట్టే తెలుస్తుంది, మా ఊళ్ళో దానికి కొదవా! రెండు పక్కలా ఫ్రెట్ల (పలక మీది లోహపు అడ్డపట్టీల) అంచు నుంచి దారం ఒకే దూరంలో ఉండాలి. నట్ (తల దగ్గర తీగలు ఆనే గాట్ల పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కి 324 మిల్లీమీటర్లు ఉంటే అక్కణ్ణించి శాడిల్‌కి (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కకి) దాదాపు మళ్ళీ అంతే. లావు తీగకి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ పోవాలి. ఫ్యాక్టరీ రంధ్రాలు దీనికి కుదరకపోతే పుల్లలూ ఫెవికాలూ కొట్టి మూసేసి కొత్తవి వేసుకో, మొహమాటపడకు. ఈ కొలత పోయిందంటే పై ఫ్రెట్లకి వెళ్ళేకొద్దీ శ్రుతి కలవదు.

ఇక ఫ్రెట్లు. పొట్టి స్టీలు స్కేలు మూడేసి ఫ్రెట్ల మీద నిలబెట్టు. ఊగిందంటే మధ్యది ఎత్తుగా ఉన్నట్టు. ప్లాస్టిక్ సుత్తితో మెల్లిగా కొట్టి దించాలి, దిగకపోతేనే ఆకురాయి. చౌక కిట్లలో నట్ గాట్లు లోతు చాలవు, మొదటి ఫ్రెట్ నొక్కగానే స్వరం ఉండాల్సినదానికన్నా పైకి పోతుంది. నీ ఓపికంతా ఇక్కడ పెట్టు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎనిమిది తీగల వాయిద్యానికి ఐదే పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. దాని రంగేంటని మా వీధిలో ఎవరూ అడగ్గా వినలేదు.

అంబాజీపేట కుర్రాడు:
ఆయ్, మీరు చెప్పినట్టే దారాలు లాగి చూశానండి, నెక్ కొంచెం పక్కకి ఉంది. పాకెట్‌లో సన్న చెక్కపొర పెడితే సరిపోయింది. మోగుతోందండి! కాకపోతే ఊరికే ఉన్నప్పుడు గుయ్యిమంటోంది, తీగలు పట్టుకుంటే తగ్గుతోంది. కరెంటు పాసవుతోందంటారా?

మైకుసెట్ మావయ్య, రావులపాలెం:
పట్టుకుంటే తగ్గిందంటే బ్రిడ్జి గ్రౌండు వైరు బాగానే అతికావు అల్లుడూ. పెరిగితే చూసుకోవాలి, ఆ వైరు ఊడడమో, జాక్‌లో రెండు వైర్లు తారుమారవడమో.

కానీ ఆ వైరు వల్లే తీగలు ఆంప్ (ఆంప్లిఫయర్) ఇనప డబ్బాతో కలిసి ఉంటాయి, అది గుర్తుంచుకో. పందిరికి ఆంప్‌కో ఇంటి నుంచి, మిక్సర్‌కో ఇంటి నుంచి కరెంటు లాగుతారు. ఎర్త్ పిన్ను విరిచేసిన ప్లగ్గులు నేనెన్ని చూశానో. రెంటిలో ఒకదాంట్లో లీకేజీ ఉంటే చేతిలో తీగలు, మూతి దగ్గర మైకు, మధ్యలో నువ్వు. కింద వాన బురద ఒకటి. ఆంప్, మిక్సర్ ఒకే బోర్డుకి, ఎర్త్ ఉన్నదానికి పెట్టించు, దానికి ముందు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (లీకేజీ అయితే కరెంటు ఆపేసే స్విచ్) ఉండాలి. తీగల మీదా మైకు జల్లెడ మీదా టెస్టర్ పెట్టి చూడు, వెలిగితే ప్లగ్గు పీకేసి ఎలక్ట్రీషియన్ని పిలువు. చెక్కబల్ల మీద, చెప్పులతో నిలబడు, దేవుడేమీ అనుకోడు.

ఇక గుయ్యి సంగతి. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ పక్కనున్న ట్యూబ్‌లైటు చోక్ గోలంతా పట్టేస్తుంది, సీరియల్ లైట్ల సెట్లకి దూరంగా నిలబడు. స్విచ్ రెండో నంబరులోనో నాలుగులోనో, అంటే రెండేసి పికప్‌లు కలిసి మోగేచోట, పెట్టి చూడు. మధ్య పికప్ తిరగేసి చుట్టిందైతే అక్కడ గుయ్యి చాలామటుకు చచ్చిపోతుంది.