సైకియాట్రీ నర్సు మందు రాయొచ్చా? ముందు ఆ చదువు ఉందా?

రాత్రిడ్యూటీ:
అమెరికాలో నర్సులే సైకియాట్రీ మందులు రాస్తున్నారు, మనకెందుకు ఉండకూడదని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. నేను మెంటల్ హెల్త్‌లో ఎమ్మెస్సీ నర్సింగ్ చేశాను. ఆ 2 ఏళ్లలో సగం థీసిస్‌కీ, చార్టులకీ, జూనియర్లకు క్లాసులు చెప్పడానికే పోయింది. బయటికొస్తే ట్యూటర్ ఉద్యోగం, లేదంటే మళ్లీ అదే స్టాఫ్ నర్సు డ్యూటీ. క్రిటికల్ కేర్‌కి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2 ఏళ్ల నర్స్ ప్రాక్టీషనర్ (చికిత్స చూసి మందులు రాసేలా అదనపు శిక్షణ పొందిన నర్సు) కోర్సు పెట్టింది కదా, అలాంటిదే దీనికీ పెట్టాలంటాను. 2015-16 జాతీయ సర్వేలో, చాలా మానసిక జబ్బుల్లో 70 శాతానికి పైగా మందికి చికిత్సే అందట్లేదని తేలింది మరి.

పీజీ_కష్టాలు:
సిస్టర్, కోపం తెచ్చుకోకండి. నేను సైకియాట్రీ ఎండీ చివరి ఏడాదిలో ఉన్నా. థైరాయిడ్ తగ్గి నీరసపడిన మనిషిని డిప్రెషన్ అనుకుని మా సార్‌తో చీవాట్లు తిన్నా. మూడ్ జబ్బులకిచ్చే లిథియం రాయడం ఎవరికైనా వస్తుంది, రాశాక రక్తంలో దాని స్థాయి, కిడ్నీ, థైరాయిడ్ చూసుకుంటూ ఉండటమే అసలు పని. వాంతులు, విరేచనాలు పట్టుకున్న పేషెంటుకు కూడా అదే డోసు నడిపిస్తే విషమై కూర్చుంటుంది.

డాలస్_చెల్లి:
నేను టెక్సాస్‌లో ఆ సైకియాట్రీ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సే చేస్తున్నా కాబట్టి చెప్తున్నా, దయచేసి అమెరికాని చూపించి అడగొద్దు. మాకు థియరీ అంతా ఆన్‌లైన్. క్లినికల్ గంటలు మొన్నటిదాకా కనీసం 500, 2022 ప్రమాణాల్లో 750 చేశారు. రోజుకి 8 గంటలేసుకున్నా వంద రోజులు కూడా కాదు, ఇక్కడ డాక్టర్ల సైకియాట్రీ రెసిడెన్సీ (పీజీ శిక్షణ) చూస్తే 4 ఏళ్లు. పైగా పని నేర్పే ప్రిసెప్టర్‌ని నువ్వే వెతుక్కో అంది మా కాలేజీ! అందరినీ బతిమాలి, ఆఖరికి డబ్బు కట్టి ఒకరిని పట్టుకున్నా. టెక్సాస్‌లో డాక్టరుతో ఒప్పందం లేనిదే మందు రాయలేం, వాషింగ్టన్ రాష్ట్రానికి వెళ్తే అదే సర్టిఫికెట్‌తో సొంతంగా రాసేయొచ్చు. మా బ్యాచ్‌లో సైకియాట్రీ వార్డులో ఏళ్ల తరబడి చేసినావిడ ఉంది, ఆ వార్డు మొహమే చూడనివాళ్లూ ఉన్నారు. అందరికీ ఇచ్చేది ఒకటే పట్టా.

ఊరిబస్సు:
మీ చదువుల సంగతి నాకు తెలీదు. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. అవే మూడు మందులు మళ్లీ రాయించుకోడానికి తెల్లవారుజామున బస్సెక్కి సిటీకి పోతాం, లోపల రెండు నిమిషాలు కూడా పట్టదు. వాడి చేతులు వణుకుతున్నాయని మొదట కనిపెట్టింది వార్డులో సిస్టరమ్మే.

రాత్రిడ్యూటీ:
నేనడిగేది ఊరిబస్సు గారి తమ్ముడిలాంటి వాళ్ల కోసమేనండి. జబ్బు పేరు తేల్చేది డాక్టరే, అందులో నాకు పేచీ లేదు. పాత మందు కొనసాగించడం, నెలవారీ ఇంజెక్షన్, సైడ్ ఎఫెక్టులు చూడటం మాకు వదలండి. డాలస్ చెల్లి చెప్పింది విన్నాక ఇంకో మాట కూడా: సైకియాట్రీ వార్డులో 3 ఏళ్లు చేయనివాళ్లకి సీటే ఇవ్వొద్దు, చూసిన కేసులు రాసుకునే లాగ్ బుక్ మీద సంతకం కాలేజీ వాళ్లది కాదు, పక్కన నిలబడి చూసిన డాక్టరుది ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మెంటల్ హెల్త్ నర్సు అనే పేరైతే ఉంది, మందు రాసే అధికారం మాత్రం లేదు.

పీజీ_కష్టాలు:
పాత మందు వరకు సరే. క్లోజపిన్ కూడానా? తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉన్న మందది.

రాత్రిడ్యూటీ:
తెల్ల రక్తకణాల రిపోర్టు రాకుండానే క్లోజపిన్ ఇచ్చేయమన్న రాత్రులు నాకు ఎదురయ్యాయి డాక్టర్ గారూ. రాసే అధికారం తర్వాత చూద్దాం, ముందు ఆపే అధికారం ఇప్పించండి.