‘పని’ చేసేవాడిదా, చేయించుకునేవాడిదా?

నిన్న మన బృందంలో ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “‘పని అయింది’, ‘పని అయిపోయింది’ రెంటికీ తేడా ఏమిటి? ‘వాడి పని అయిపోయింది’ అన్నప్పుడు మనిషి గురించి ఎందుకు అర్థమవుతుంది?” జవాబు ఒక వాక్యంలో తేలేది కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను. చెన్నైలో, పెరంబూరు వైపు తెలుగు పిల్లలకు ఆదివారాలు చదవడం, రాయడం నేర్పుతుంటాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు వింటూ పెరిగే ఆ పిల్లలు ‘పని’ దగ్గర తడబడినంతగా పెద్ద సంస్కృత సమాసాల దగ్గర కూడా తడబడరు.

ఏదైనా ఆఫీసు కిటికీ దగ్గర జరిగేది చూడండి. ధ్రువపత్రం కోసం ఒకాయన వెళ్తాడు. గుమాస్తా దరఖాస్తు చదువుతాడు, రిజిస్టరులో ఎక్కిస్తాడు, ముద్ర వేస్తాడు, సంతకానికి లోపలికి పంపుతాడు. వెళ్ళినాయన చేసేదల్లా బల్ల మీద కూర్చుని ఎదురుచూడటం. బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేసి ఏమంటాడు? “నా పని అయింది.” కష్టపడింది గుమాస్తా, పని మాత్రం ఈయనది. తెలుగులో పని చేసేవాడిది కాదు, ఆ పనితో అవసరం ఉన్నవాడిది. “పని మీద ఊరెళ్ళాడు”, “మీతో చిన్న పని పడింది” అన్నా అంతే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా చిక్కుముళ్ళు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

“నాకు డబ్బుతో పని లేదు.” ఇక్కడ శ్రమ ఊసే లేదు, ‘తో’ చేరగానే అవసరం ఒక్కటే మిగిలింది. ‘కి’ చేరితే అది ఉపయోగంగా మారుతుంది: పనికొచ్చే మాట, పనికిరాని వస్తువు. పిల్లలకు నేను ఎప్పుడూ రెండు వాక్యాలు పక్కపక్కన రాసి చూపిస్తాను. “ఆ మేస్త్రీ రేపు పనికి రాడు.” “ఆ మేస్త్రీ పనికిరాడు.” మొదటిదాంట్లో ఆయనకు ఒంట్లో బాగాలేదేమో, రెండోదాంట్లో ఆయన బతుకుతెరువుకే ఎసరు. అచ్చులో తేడా ఒక్క ఖాళీ. అందుకే ‘పనికిరాడు’, ‘పనికిమాలిన’ లాంటి వాటిని విడదీసి రాయవద్దని పట్టుబడతాను. పనికిమాలినలో ఉన్న ‘మాలు’ అంటే కోల్పోవడం, లేకపోవడం. దిక్కుమాలినలో ఉన్నదీ అదే.

‘పనిమాలి’ మాత్రం దారి మార్చుకుంది. “పనిమాలి ఇంత దూరం వచ్చాను” అంటే ఉన్న పనులన్నీ వదిలేసి ఇందుకోసమే వచ్చానని. ‘పనిగట్టుకుని’ దీనికి దగ్గరి చుట్టమే అయినా, దాంట్లో చాలాసార్లు నింద ధ్వనిస్తుంది: పనిగట్టుకుని చెడగొట్టాడు, పనిగట్టుకుని అవమానించాడు. పాత కవిత్వంలో ‘పనివడి’కి ఆ నింద లేదు. శ్రీనాథుడు, సంస్కృతంలో నైషధం రాసిన భట్టహర్షుడి కవిత్వం గురించి చెప్పిన పద్యం ‘పనివడి’ అనే మొదలవుతుంది. అక్కడ ఆ మాటలో వినిపించేది పూనిక, శ్రద్ధ. ఇంత మంచి మాటను వాడుకలోంచి జారవిడుచుకున్నామని నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ‘పని అయింది’ అంటే కోరుకున్నది దక్కింది. ‘పని అయిపోయింది’ అంటే చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. ముందు మనిషిని చేర్చి ‘వాడి పని అయిపోయింది’ అంటే వాడికి ఇక జరగవలసిందేమీ మిగల్లేదు. పని మనిషి అవసరాలకు అంటుకుని ఉండే మాట కాబట్టి అవసరాలన్నీ కలిసి ఆ మనిషి స్థితే అయిపోతుంది. “ఇక నా పని గోవిందా” అన్నప్పుడూ ఇదే. “నా పని అయిపోయింది” అని ఆఫీసు నుంచి బయల్దేరేవాడూ అంటాడు, అప్పులవాళ్ళు ఇంటి ముందు నిలబడ్డవాడూ అంటాడు. ఇక్కడ వ్యాకరణం సాయపడదు, గొంతే చెప్పాలి.

పని అడిగేవాడిదే అనడానికి పాత తెలుగులోనే ఆధారం ఉంది. ‘పనుచు’ అంటే ఆజ్ఞాపించడం, ఒక పని మీద పంపడం. ‘పనుపు’ అంటే ఆజ్ఞ. కావ్యాల్లో ‘పనివిను’ అనే క్రియ ఉంది, సెలవు తీసుకుని వెళ్ళడమని అర్థం. పని అంటే ఆజ్ఞ అని తీసుకుంటేనే ఈ మాట చక్కగా కుదురుతుంది: పెద్దవాడి ఆజ్ఞ విన్నాక ఇక కదలడమే. ఈ వాసన ఇప్పటికీ పోలేదు. పత్రికల్లో “పోలీసులు లాఠీలకు పని చెప్పారు” అని చదువుతూనే ఉంటాం. చేతికి పని చెప్పడం, నోటికి పని చెప్పడం, బుర్రకు పని పెట్టడం కూడా అంతే. ఒకరు చెప్పాలి, ఇంకొకటి కదలాలి.

చెన్నైలో ఉండటం వల్ల నాకు రోజూ కనిపించే ముచ్చట ఇంకొకటి ఉంది. తమిళంలో ఇదే మాట ‘పణి’, ణకారంతో. క్రియగా వాడితే ‘పణి’కి వంగి నమస్కరించడమనీ ఆజ్ఞాపించడమనీ రెండర్థాలు. మన పనుచుకు అది తోబుట్టువు. నిత్య సంభాషణలో మాత్రం వాళ్ళు ‘వేలై’ అంటారు, ‘పణి’ని గౌరవమైన చోట్లకు దాచుకున్నారు. బస్సు డిపో బోర్డు మీద ‘పణిమనై’. ప్రజా పనుల శాఖ ‘పొదుప్పణిత్తురై’. గుడికి మరమ్మతులు చేయిస్తే ‘తిరుప్పణి’. ప్రభుత్వ ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే సంస్థ పేరులోనూ ‘అరసుప్ పణియాళర్’ అని ఉంటుంది. పణియాళర్ అంటే అక్షరాలా పనివాళ్ళు. మనమేమో ఆ చోట సర్వీసు, సేవ, నియామకం అని రాసుకుని పనివాడిని ఇంటి వెనక గుమ్మం దగ్గర నిలబెట్టాం. (ణకారం పోతే అక్కడ కథే మారిపోతుంది: తమిళంలో ‘పని’ మంచు, మలయాళంలో జ్వరం.)

పిల్లల తడబాటు ‘వేలై’తోనే మొదలవుతుంది. తమిళంలో ఉద్యోగం చేయడాన్ని ‘వేలై పార్’ అంటారు, అంటే పని చూడటం. దాన్ని అలాగే తెచ్చి “మా నాన్న బ్యాంకులో పని చూస్తున్నారు” అంటారు. తెలుగు చెవికి నాన్న పనిని అజమాయిషీ చేస్తున్నారనో, పని వెతుక్కుంటున్నారనో వినిపిస్తుంది. “నీకిక్కడ ఏం పని?” అన్నచోట మాత్రం వేలై అచ్చంగా సరిపోతుంది. “డబ్బుతో పని లేదు” దగ్గర వాళ్ళు ‘తేవై’ (అవసరం) అని వేరే మాట వెతుక్కోవాలి. అంటే వేలై మన పనితో సగం దూరం నడిచి ఆగుతుంది.

ఇంకో తేడా నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. తమిళంలో బ్యాంకు మేనేజరూ ‘వేలైక్కు’ వెళ్తాడు, తాపీ మేస్త్రీ కూడా ‘వేలైక్కు’ వెళ్తాడు. తెలుగులో మేనేజరు ఆఫీసుకు వెళ్తాడు, మేస్త్రీ మాత్రమే పనికి వెళ్తాడు. “మా నాన్న పనికి వెళ్ళాడు” అని మనవరాలు అంటే, “ఉద్యోగానికి అనమ్మా” అని దిద్దే అమ్మమ్మలను చూశాను. ఈ పెరంబూరులోనే 1955లో రైలుపెట్టెల కర్మాగారం మొదలైంది. చేతిపనితో బతికిన కుటుంబాల మధ్య కూర్చుని ఆ దిద్దుబాటు వింటే మనసు చివుక్కుమంటుంది. పని అన్న మాటను మనం ఒక మెట్టు కింద కూర్చోబెట్టాం. అది తప్పనే నా అభిప్రాయం.

ఆ మాటకు మర్యాద పూర్తిగా పోలేదనడానికి చీరల అంగడే సాక్ష్యం. టీ నగర్‌లో తెలుగువాళ్ళు పైట చెంగు వేళ్ళ మధ్య పట్టుకుని, వెనక్కి తిప్పి దారాల ముడులు చూసి, “పని బాగుంది” అంటారు. అక్కడ పని అంటే కూలీ కాదు, అవసరమూ కాదు, చేసినవాడి నేర్పు. మొదట చెప్పిన సూత్రానికి లొంగనిది ఇదొక్కటే: ఈ పని కొన్నవాళ్ళది కాదు, నేసినవాళ్ళదే. పనితనం, నగిషీ పని, రాతిపని అన్నీ ఈ కోవలోవే. ఇదే కోవలో ఇంకో వాడుక, “ఇది ఎవరి పని?” అక్కడా పని చేసినవాడిదే, కానీ అందులో సాధారణంగా దొరికేది నేరమే.

తర్వాత చేర్చినది: ‘పనిలో పనిగా’ సంగతి ఇద్దరు అడిగారు. ఒక పని మీద ఉన్నప్పుడే దారిలో కలిసివచ్చిన రెండోది చేయడం. ‘పనిగట్టుకుని’కి సరిగ్గా ఎదురు.

‘పనిమాలి’ని ఇప్పటికీ నోటిమాటగా వాడేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఏ ఊళ్ళో విన్నారో, మెచ్చుకోలుగా విన్నారో విసుగుగా విన్నారో రాయండి. ఒక పూర్తి వాక్యం ఇస్తే ఇంకా మేలు.