ఐదు సెంట్ల కుంటలో మలావి పద్ధతిలో చేపలు పెంచొచ్చా?

పలమనేరు రైతు:
ఆఫ్రికాలోని మలావి, జాంబియా పల్లెల్లో 200 చదరపు మీటర్ల కుంట తవ్వి, పేడ, మొక్కజొన్న తవుడు వేసి తిలాపియా పెంచుతారని చదివినా. పలమనేరు పక్కన మా కుంట కూడా అంతే ఉంటుంది. లోతు మూడు మీటర్లు, ఎర్రనేల. అక్టోబరు వానలకు నిండితే మార్చి దాకా నీళ్లుంటాయి, ఎండాకాలం పూర్తిగా ఎండుతుంది. ఏ పిల్ల వదలాలి, మేత ఎంత? తెలిసినోళ్లు చెప్పండన్నా.

కుంటసాగు తిరుపతి:
అన్నా, వాళ్ల పద్ధతి తీసుకోండి, వాళ్ల చేప మాత్రం వద్దు. తిలాపియా మూడు నాలుగు నెలలకే గుడ్లు పెడుతుంది. ఆడా మగా కలిసి ఉంటే కుంట నిండా వేలెడు పిల్లలే, ఒక్కటీ తూకానికి రాదు. మలావి రైతులను ఏళ్లుగా పీడిస్తున్నదీ ఇదే. స్థానిక జాతులు చెడిపోతాయని అక్కడ నైలు తిలాపియాను పెంచనివ్వరు, నిదానంగా పెరిగే షిరానస్ లాంటి స్థానిక తిలాపియా రకాలతోనే సర్దుకుంటారు. మన దగ్గర తిలాపియాకు మత్స్యశాఖ అనుమతి ఉండాలి.

బొచ్చె, రోహు, ఎర్రమోసు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వదిలినన్నే ఉంటాయి, లెక్క తప్పదు. బంగారు తీగ కుంటలోనే పిల్లలు పెడుతుంది, అది వద్దు. మీకున్నది ఆరు నెలలే కాబట్టి చిన్న పిల్ల కొనొద్దు, ఆ కాలమంతా అది కాస్త ఎదగడానికే సరిపోతుంది, తూకానికి రాదు. 100 గ్రాముల పిల్లలు వంద చాలు: బొచ్చె 40, రోహు 40, మోసు 20. పిల్లలు తెచ్చిన సంచిని నీళ్లమీద ఇరవై నిమిషాలు తేలనిచ్చి, తర్వాత మూతి విప్పండి.

నీటికుంట మదనపల్లె:
కుంట ఎండుతుంది కాబట్టి పాత చేపల్ని చంపడానికి వేసే ఇప్ప పిండి ఖర్చు అక్కర్లేదు. నీళ్లొచ్చే దారికి మాత్రం సన్న వల కట్టాల్సిందే, లేకుంటే వరదతో కొర్రమీను దిగి పిల్లల్ని మింగేస్తుంది.

అడుగున సెంటుకు కిలో చొప్పున ఐదు కిలోల సున్నం చల్లండి. వారం తర్వాత వంద కిలోల పేడ. మలావి, జాంబియాల్లో కుంట మూలన కట్టెలతో దడి కట్టి, అందులో గడ్డీ పేడా వేసి వారానికోసారి కలియబెడతారు. ఆ పని మనమూ చేయొచ్చు, పేడంతా ఒకేసారి నీళ్లలో కలవదు. నీళ్లు పచ్చబడినాక చెయ్యి ముంచి చూడండి. మోచెయ్యి మునిగే లోపల వేళ్లు కనబడకుంటే మేత తయారైనట్టే. మణికట్టు దగ్గరే కనబడకుంటే పేడ ఆపేయండి.

తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తక్కువని అర్థం. రాత్రంతా పాచి కూడా గాలి పీల్చుకుంటుంది కదా. ఆ రోజు మేత ఆపి, కొత్త నీళ్లు ఎత్తునుంచి పడేలా పట్టండి.

మేత: వరి తవుడు, వేరుశనగ చెక్క సమానంగా. వంద చేపలు పది కిలోలంటే రోజుకు 200 నుంచి 300 గ్రాములు. పదిహేను రోజులకోసారి తూచి పెంచండి. బూజు పట్టిన చెక్క వేయొద్దు, దాని విషం చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

పలమనేరు రైతు:
నీళ్లు ఇంకిపోతే ఎట్లన్నా? వాళ్లకు ఈ బాధ లేదా?

కుంటసాగు తిరుపతి:
తక్కువే. వాళ్ల కుంటలు చాలావరకు దంబోల్లో, అంటే ఊటనీళ్లు పైకే ఉండే పల్లపు భూముల్లో ఉంటాయి. మీది మెట్ట ఎర్రనేల. చెరువు బంకమట్టి జానెడు మందం పరిచి, తడిపి, దిమ్మిస కొట్టండి. అప్పటికీ నిలవకుంటే అక్కడ చేప పెట్టొద్దు.

మూడు మీటర్ల లోతులో వల లాగలేరు. ఫిబ్రవరి నుంచి నీళ్లు కూరగాయలకు తోడుతూ మీటరుకు దించి పట్టండి. పట్టినాక అడుగు బురద కూడా మళ్లకే ఎత్తండి, అందులో మంచి ఎరువుంటుంది.