యూసీడీ పీడీ కుర్చీ ఎవరికి: బస్తీల్లో పనిచేసి ఎదిగినవాళ్లకా, డిప్యుటేషన్ మీద వచ్చేవాళ్లకా?

బస్తీమాట:
కార్పొరేషన్లలో పట్టణ సమాజాభివృద్ధి విభాగం, అదే యూసీడీ, దాని పీడీ (ప్రాజెక్టు డైరెక్టరు) పోస్టు గురించి. హైదరాబాద్‌లో ఈ విభాగం 1967లోనే మొదలైంది. విశాఖలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మురికివాడల అభివృద్ధి ప్రాజెక్టు 1988లో వచ్చింది. ఇంత పాత విభాగంలో సొంత మనుషులు పైకి రావడం ఎందుకింత అరుదు? బస్తీల్లో సంఘాలతో పనిచేసే సీఓగా (కమ్యూనిటీ ఆర్గనైజరుగా) చేరినవాళ్లు చాలామంది సీఓగానే మిగిలిపోతారు. ఏ రెవెన్యూ నుంచో ఒకరు పీడీగా వస్తారు, పని ఒంటబట్టేలోపు బదిలీ. నా ఓటు సీఓలకే. మీరేమంటారు?

పద్దుపుస్తకం:
నాదీ అదే ఓటు. అభిమానంతో కాదు, పొదుపు సంఘాల పద్దులు చదవడం వాళ్లకే వచ్చు కాబట్టి. రివ్యూలో రికవరీ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. లోపల సంఘం బోగస్ అయి ఉండొచ్చు. పట్టుకోవడానికి ఒక వరస ఉంది. ముందు బ్యాంకు నుంచి సంఘం సేవింగ్స్ ఖాతా, లోన్ ఖాతా స్టేట్‌మెంట్లు రెండూ తెప్పించాలి. లోన్ పడిన రోజే మొత్తం ఒక్కరి పేరుకి వెళ్లిపోయిందా చూడాలి. తర్వాత మినిట్స్ పుస్తకంలో ఆ తేదీ తీర్మానం తెరవాలి: ఎవరికెంత పంచారో రాశారా, పది సంతకాలూ ఒకే చేతివాటంగా ఉన్నాయా. ఆ తర్వాత ముగ్గురు సభ్యుల ఇళ్లకి వెళ్లాలి, లీడరు గానీ ఆర్పీ (సంఘాల పుస్తకాలు చూసే రిసోర్స్ పర్సన్) గానీ వెంట లేకుండా. మీకెంత వచ్చింది, నెలకెంత కడుతున్నారు, ఎవరి చేతికిస్తున్నారు అని అడిగితే చాలు. సభ్యురాలు డబ్బు ఇచ్చిన నెలకీ, బ్యాంకులో జమ పడిన నెలకీ తేడా ఉందంటే డబ్బు మధ్యలో ఎవరో వాడుకుంటున్నట్టే. బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. వడ్డీ రాయితీ సక్రమంగా కట్టే సంఘాలకే కాబట్టి, తన వాయిదా తాను టంచనుగా ఇచ్చిన ఆమె కూడా మునుగుతుంది. కొత్తగా వచ్చిన పీడీకి ఇది కాగితం మీద కనబడదు.

పేషీలెక్క:
అది మంచి ఆడిటరు పని, పద్దుపుస్తకం గారూ. పీడీ పని వేరు. వీధి వ్యాపారుల సంగతే తీసుకోండి. 2014 చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీకి కమిషనరే ఛైర్మన్. సభ్యుల్లో కనీసం 40 శాతం వ్యాపారులు ఎన్నుకున్నవాళ్లు ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. లేపాలన్నా 30 రోజుల నోటీసు. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, ఏదో పెద్ద కార్యక్రమం ఉందని ట్రాఫిక్ వాళ్లు రాత్రికి రాత్రి బండ్లు ఎత్తేస్తారు. అప్పుడు చట్టం కాపీ చేత్తో పట్టుకుని ట్రాఫిక్ ఏసీపీకి ఎదురు చెప్పాలి, కమిషనరు చేత ఫైలు మీద రాయించాలి. ఇరవయ్యేళ్లు అదే ఆఫీసులో అందరికీ ‘సార్, సార్’ అన్న మనిషి ఆ గదిలో నోట్స్ రాసుకుంటూ కూర్చుంటాడు. తప్పు అతనిది కాదు, హోదాది.

ఇంకోటి. పదేళ్లుగా పరిచయమున్న ఆర్పీని, అదీ కార్పొరేటరు మనిషిని, అదే ఊరి సీఓ తీసేయగలడా?

ఎస్‌ఎల్‌ఎఫ్_కబుర్లు:
ఆర్పీ మాట వచ్చింది కాబట్టి. బయటి నుంచి వచ్చిన పీడీలు తడబడేది సరిగ్గా అక్కడే. ఫిర్యాదు రాగానే తొలగింపు ఉత్తర్వు ఇచ్చేస్తారు. పుస్తకాలన్నీ ఆర్పీ ఇంట్లోనే ఉంటాయి, మర్నాటి నుంచి అవి కనిపించవు. ఎవరెంత కట్టారో చెప్పే కాగితం ఉండదు, సభ్యులు వాయిదాలు ఆపేస్తారు. ముందు ‘గ్రేడింగ్ ఉంది’ అని చెప్పి అన్ని సంఘాల పుస్తకాలూ ఆఫీసుకి తెప్పించుకోవాలి, చివరి పేజీ ఫొటో తీసి రసీదు ఇవ్వాలి. ఆ తర్వాత సంఘాల సమాఖ్య మీటింగు పెట్టి, తీర్మానం వాళ్ల చేతే రాయించాలి. నోటీసు ఆఖర్న. అలాగని పేషీలెక్క గారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. ఊరి మొహమాటం నిజమే. సొంత ఊళ్లో పీడీగా వేయకుండా పక్క కార్పొరేషనుకి పంపితే సగం తగ్గుతుంది.

బస్తీమాట:
పక్క ఊరి మాట నచ్చింది. మరి రూల్సు ఒప్పుకుంటాయా?

పేషీలెక్క:
చాలాచోట్ల సీఓలు ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు మీద ఉన్నారు. వాళ్లకి సర్వీసు రూల్సే వర్తించవు, ఇక ప్రమోషన్ మాటెక్కడ? మీరు అడగాల్సింది ముందు పోస్టులు మంజూరు చేయించమని.

పద్దుపుస్తకం:
సరే, మంజూరయ్యాయనుకుందాం. ఎన్‌యూఎల్‌ఎం (కేంద్రం పట్టణ జీవనోపాధి మిషన్) లెక్కలో ఒక్కో సీఓకి సుమారు 3,000 పేద కుటుంబాలు ఉండేవి. బ్యాంకు మేనేజరు సంఘం రుణం (లింకేజీ) ఫైలు తిప్పి పంపితే వెళ్లి కూర్చుని సాధించుకొచ్చేదీ సీఓనే. పది లక్షల దాకా సంఘం రుణానికి హామీ అడగకూడదని రిజర్వ్ బ్యాంకు సర్క్యులరు ఉన్నా, సభ్యుల పేర డిపాజిట్ పెట్టమనే బ్రాంచీలు ఉన్నాయి. ఆ సర్క్యులరు చూపించి వాదించిన మనిషి ఏసీపీ ముందు నోరు మెదపలేడంటే నమ్మను.

పేషీలెక్క:
బ్రాంచి మేనేజరు వేరు, కలెక్టరు అధ్యక్షతన జరిగే డీసీసీ (జిల్లా బ్యాంకర్ల కమిటీ) మీటింగు వేరు. మూడు నాలుగేళ్లు ఏపీఓగా (సీఓకీ పీడీకీ మధ్య మెట్టు, అసిస్టెంట్ ప్రాజెక్టు ఆఫీసరు) వెండింగ్ కమిటీ, బ్యాంకర్ల మీటింగు, బడ్జెట్ పద్దు ఈ మూడూ సొంతంగా నడిపినవాళ్లయితే నాకు అభ్యంతరం లేదు. సీఓ నుంచి నేరుగా పీడీ అంటే మాత్రం ఒప్పుకోను.