స్క్రాచ్ అస్సేలో (కణాల పొరలో గీత గీసి అది ఎంత త్వరగా పూడుతుందో చూసే పరీక్ష) రాక్ ఇన్హిబిటర్ (రాక్ అనే ఎంజైమ్‌ని ఆపే మందు) వేస్తే గీత ఇంకా త్వరగా పూడుతోంది, ఎందుకు?

గాజువాక_సెల్స్:
ఎన్‌ఐహెచ్ 3టీ3 కణాలు (ఎలుక ఫైబ్రోబ్లాస్ట్‌లు), 6 వెల్స్ ప్లేటు, 200 మైక్రోలీటర్ల టిప్‌తో గీత, మీడియంలో 10 శాతం సీరం. రాక్‌ని ఆపే వై-27632 మందు 10 మైక్రోమోలార్ వేశాం. కణాల పట్టు సడలితే కదలిక మందగించాలి కదా? కంట్రోల్ 24 గంటలకు సగమే పూడింది, మందు వేసిన వెల్ 14 గంటలకే మూసుకుపోయింది. కణాల వెనక సన్నటి పొడవాటి తోకలు కూడా కనిపిస్తున్నాయి. మందు పాడైందా?

బీచ్‌రోడ్_బయో:
మందు బానే ఉందండీ, ఆ తోకలే సాక్ష్యం. రో-ఎ అనే స్విచ్ ప్రోటీన్ జీటీపీతో ఉన్నప్పుడు రాక్‌ని లేపుతుంది. రాక్, ఫాస్ఫేట్‌ని తీసేసే మయోసిన్ ఫాస్ఫటేజ్‌ని అణిచేస్తుంది, దాంతో మయోసిన్ లైట్ చెయిన్ మీద ఫాస్ఫేట్ నిలిచి యాక్టిన్ తాళ్లు బిగుస్తాయి. ఆ లాగుడుకే ఫోకల్ అడ్హెషన్లు (కణం కింది ఉపరితలాన్ని పట్టుకునే చోట్లు) ముదురుతాయి. రాక్‌ని ఆపితే తాళ్లు వదులైపోతాయి. ముందువైపు ర్యాక్-1 అనే ప్రోటీన్ నడిపే లామెల్లిపోడియా (కణం ముందుకు చాచే పలచటి అంచు) అడ్డు లేకుండా విచ్చుకుంటుంది. వెనకవైపు లాగే బలం లేక ఇంటెగ్రిన్లు (కణాన్ని కిందికి అతికించే ప్రోటీన్లు) ఊడవు, అదే తోక. (రాక్, ర్యాక్ వేరు. నోట్‌బుక్‌లో కలిపేయకండి.)

పట్టుకీ వేగానికీ లెక్క సూటిగా ఉండదు. ఆర్కే బీచ్‌లో చూడండి: పొడి ఇసుకలో కాలు జారుతుంది, బురదలో దిగబడుతుంది, తడిసి గట్టిపడ్డ ఇసుక మీదే పరుగు. 3టీ3 గట్టిగా అతుక్కునే రకం, కాస్త సడలితే వేగం పెరుగుతుంది. అసలే వదులుగా అతుక్కునే కణాలైతే మీరనుకున్నట్టే మందగించొచ్చు.

ఉక్కునగరం_ల్యాబ్:
అప్పుడే రాసేయకండి. 3టీ3 దాదాపు రోజుకోసారి రెట్టింపవుతాయి. 10 శాతం సీరంలో గీత పూడింది నడకతోనా, విభజనతోనా? సీరం 1 శాతానికి దించండి, లేదా గీత గీసేముందు విభజనని ఆపే మైటోమైసిన్-సి మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు 2 గంటలు ఉంచి కడిగేయండి.

కడగడానికి కాల్షియం, మెగ్నీషియం ఉన్న పీబీఎస్సే (కణాలు కడిగే ఉప్పు ద్రావణం) వాడండి. అవి లేకపోతే ఇంటెగ్రిన్ల పట్టు జారి గీత అంచున కణాలు పొరలా లేస్తాయి, గీత వెడల్పవుతుంది. కంట్రోల్ వెనకబడింది అందుకే కావచ్చు. టిప్‌ని గట్టిగా నొక్కితే కింద కణాలు పట్టుకునే ఫైబ్రోనెక్టిన్ పూత కూడా గీసుకుపోతుంది.

ఇంకోటి, మన వైజాగ్ ఉక్కలో మైనస్ 20 నుంచి తీసిన వయల్‌ని వెంటనే తెరవొద్దు. పొడి తేమ పీల్చి తూకం తప్పుతుంది. మూత తీయకుండా గది వేడికి రానివ్వండి. వై-27632 డైహైడ్రోక్లోరైడ్ రూపమైతే 3.2 మిల్లీగ్రాములు 1 మిల్లీలీటరు నీళ్లలో వేస్తే 10 మిల్లీమోలార్ స్టాక్. దాన్ని మీడియంలో వెయ్యికి ఒకటి చొప్పున కలపండి. కంట్రోల్‌కి కూడా అంతే నీళ్లు.

గాజువాక_సెల్స్:
కడిగింది మామూలు పీబీఎస్‌తోనే, మారుస్తాం. మందు పని రుజువుకి ఏం చూడాలి? ఫాక్ (ఫోకల్ అడ్హెషన్ కైనేజ్) కూడా చెయ్యాలా?

బీచ్‌రోడ్_బయో:
మందు వేసిన 30 నిమిషాలకి లైసేట్ (కణాలు పగలగొట్టిన ద్రవం) తీసి మయోసిన్ లైట్ చెయిన్ సెరీన్-19 మీది ఫాస్ఫేట్‌కి వెస్టర్న్ బ్లాట్ చేయండి, బ్యాండ్ పలచబడాలి. పక్క వెల్‌లో కవర్‌స్లిప్ మీద ఫాలాయిడిన్ (యాక్టిన్ తాళ్లకి), విన్‌క్యులిన్ (అడ్హెషన్లకి) స్టెయిన్ చాలు. ఫాక్ తర్వాత చూడొచ్చు. అది అడ్హెషన్లను విప్పడానికి కావాలి. ఫాక్ లేని ఎలుక కణాల్లో అడ్హెషన్లు ఎక్కువ, నడక తక్కువ అని 1995లోనే తేలింది.