రెండున్నరేళ్ల బాబుకు వాంతులు, విరేచనాలు: ఇంట్లో ఎంతవరకు చూసుకోవచ్చు?

ప్రశ్న (కంచరపాలెం నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా బాబుకు రెండున్నరేళ్లు, బరువు 12 కిలోలు. నిన్న మధ్యాహ్నం నుంచి నీళ్ల విరేచనాలు అవుతున్నాయి. రాత్రి మూడుసార్లు వాంతి చేసుకున్నాడు, ఒళ్లు కూడా కాస్త కాలుతోంది. మలంలో రక్తం లేదు. ఓఆర్ఎస్ తాగిస్తే గ్లాసు సగం కాకముందే కక్కేస్తున్నాడు. ఇవి పళ్లు వచ్చేటప్పుడు అయ్యే విరేచనాలని, ఒక పూట కడుపు ఖాళీగా ఉంచితే అవే కడతాయని మా అత్తగారు అంటున్నారు.

మావారు ఆటో నడుపుతారు. పోయిన నెల వీడికి జలుబు చేస్తే దగ్గర్లోని ఒక క్లినిక్‌కు తీసుకువెళ్లాము. ఫీజు, రక్తపరీక్షలు, నాలుగు సీసాల మందులు కలిపి ఆయన వారం సంపాదన ఒక్క పూటలో అయిపోయింది. ఆ సీసాల్లో రెండింటికి ఇప్పటికీ మూత తీయలేదు. డాక్టరు వద్దని నేను అనడం లేదు. ఏది ఇంట్లో ఆగదగిన జబ్బో, ఏది ఆగకూడనిదో తెలియకపోవడం వల్లనే ప్రతిసారీ భయపడి పరుగెత్తవలసి వస్తోంది. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత నర్సు, మహారాణిపేట)

అమ్మా, పిల్లల వార్డులో చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. ముందు ఆ గ్లాసు పక్కన పెట్టి చెంచా తీసుకోండి. దాహంతో ఉన్న పిల్లవాడు గడగడా తాగేస్తాడు, నిండిన కడుపు తిప్పికొడుతుంది. వాంతి అయిన తరువాత పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున పట్టండి. చెయ్యి నొప్పి పుట్టే పనే, కానీ ఇలా పడితే చాలామంది పిల్లల్లో నిలుస్తుంది. రెండేళ్లు దాటినవాడు కనుక విరేచనం అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మి.లీ. వరకు లోపలికి వెళ్లాలి.

కలపడంలోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. మంచినీళ్ల లీటరు సీసాతో కొలిస్తే సందేహం ఉండదు. గ్లాసుకు కొంచెం పొడి చొప్పున అంచనాగా వేస్తే, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే ఫలితం ఉండదు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ఇంత చవక పొడి ఏం పనిచేస్తుందని కొందరు తేలికగా చూస్తారు గానీ, పేగు చెడి ఉన్నప్పుడు కూడా గ్లూకోజు తనతోపాటు ఉప్పునూ నీటినీ రక్తంలోకి లాక్కుపోతుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగాన్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు చాలకపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపి, పట్టించే పనిని రోగుల బంధువులకే అప్పగించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు.

దీనితోపాటు జింకు బిళ్ల 20 మి.గ్రా., రోజుకు ఒకటి, చెంచాడు నీళ్లలో కరిగించి 14 రోజులు ఇవ్వండి. ఓఆర్ఎస్, జింకు రెండూ పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఆశా కార్యకర్తను అడిగినా సరే.

మీ అత్తగారికి నా మాటగా చెప్పండి: లంఖణం పరమౌషధం అన్నది చంటిబిడ్డలకు కాదు. గంజి, పెరుగన్నం, అరటిపండు, ఇంకా పాలు తాగుతుంటే తల్లిపాలు, ఏదీ మాన్పించకండి. విరేచనాలు కట్టే బిళ్ల మాత్రం ఎవరు ఇచ్చినా వేయకండి.

ఇక ఆగకూడని సంగతి. కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, ఆరు గంటలకు పైగా మూత్రం పోయకపోయినా, చెంచాలతో ఇచ్చినదీ నిలవకపోయినా, మగతగా పడి ఉన్నా, మలంలో రక్తం పడినా, ఫిట్స్ వచ్చినా రాత్రీ పగలూ చూడకుండా తీసుకువెళ్లాలి. 108కి ఫోన్ చేస్తే డబ్బు అడగరు. ఒక కాగితం మీద విరేచనం, మూత్రం, వాంతి అయిన వేళలు రాస్తూ ఉండండి. డాక్టరు మొదట అడిగేది అదే.

జవాబు (గాజువాక నుంచి ఒక తండ్రి)

నర్సమ్మగారు చెప్పినదానికి నా రెండు పొరపాట్లు జోడిస్తాను. మొదటిది, అట్టపెట్టెలో వచ్చే తియ్యటి పానీయం మీద ఓఆర్ఎస్ అని కనిపిస్తే అదే అనుకుని మా పాపకు రెండు రోజులు పట్టించాను. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపడని పానీయాల మీద ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది కూడా.

రెండవది జ్వరం మందు. పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. రెండూ చూడటానికి ఒకటే. బయట పెట్టె మీద సన్నని అక్షరాల్లో ఉన్న ఆ అంకె చదవకుండా పాత సీసా లెక్కనే కొత్త సీసాతో పోస్తే మోతాదు రెట్టింపు అయింది. అదృష్టవశాత్తు ఒక్కసారితో ఆగింది. మోతాదు కిలోకు 15 మి.గ్రా. మించకూడదు కనుక మీ 12 కిలోల బాబుకు 125 సీసాలో 6 మి.లీ., 250 సీసాలో 3 మి.లీ. సరిపోతుంది. చుక్కల మందు ఇంకా చిక్కనిది, ఈ లెక్క దానికి పనికిరాదు. ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లు దాటకుండా ఇవ్వండి.

మూత తీయని ఆ రెండు సీసాలు దగ్గుమందైతే అలాగే ఉండనివ్వండి. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయిన తరువాత నేను మా ఇంట్లో ఉన్నవన్నీ పారేశాను.

జవాబు (అరిలోవ నుంచి)

ఖర్చు సంగతి నేను చెబుతాను. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకే. క్లినిక్ ఫీజుకు ఆ కార్డు అక్కరకు రాదు. ఇలాంటి జబ్బుకు ముందు మీ వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రం చూడండి. ఇల్లు కదలలేకపోతే ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లోనే ప్రభుత్వ డాక్టరుతో ఉచితంగా మాట్లాడవచ్చు. విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ చీటీ దగ్గర వరుస పొడుగే, కాదనను. అయినా పరిస్థితి తీవ్రంగా ఉంటే ఓపీ వైపు కాక నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. వానాకాలంలో జ్వరం రెండు మూడు రోజులకు దిగకపోతే మలేరియా, డెంగీ పరీక్ష మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న అడిగిన తల్లి, మరునాడు

చెంచాతో పట్టడం మొదలుపెట్టిన గంటకు వాంతులు ఆగాయి. నిన్న సాయంత్రం నాలుగింటికి ఒకసారి, ఏడింటికి ఒకసారి మూత్రం పోశాడు. కాగితం మీద రాశాను. రాత్రి ఒకే విరేచనం. పొద్దున పెరుగన్నం తానే అడిగి తిన్నాడు. ఆశా కార్యకర్త జింకు బిళ్లలు తెచ్చి ఇచ్చారు. విరేచనాలు రేపటికి పూర్తిగా తగ్గితే ఆ బిళ్లలు ఆపవచ్చా?

జవాబు (విశ్రాంత నర్సు)

ఆపవద్దమ్మా, 14 బిళ్లలూ పూర్తి చేయండి. రాబోయే రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకోకుండా చూసేది అదే. వేసిన అరగంటలోపు కక్కితే మరొకటి కరిగించి ఇవ్వండి.